అలిగిన ఊట

ఆటో మా ఊరి గుట్ట మలుపు తిరగగానే నేను సీటు అంచుకు జరిగి చూశాను. గుండ్ల ఊట దగ్గర మనుషులు వరుస కట్టి నిలబడి ఉన్నారు. నా చిన్నతనంలోనే అలిగి మాయమైపోయిన ఊట అది. మా పెద్దవాళ్లు దాని నోటి మీద పెద్ద బండ పెట్టి మూసేశారు. ఆ బండ పక్కన తుమ్మ మొలిచింది, మేం పెరిగి పెద్దయి తలా ఒక దిక్కుకు పోయాం. ఇప్పుడు అక్కడ బండ లేదు, తుమ్మ లేదు. రెండు గుండ్ల సందులో తెల్లటి పైపు ముక్క ఒకటి దూర్చి ఉంది. దాంట్లోంచి చిటికెన వేలంత లావున నీళ్లు పడుతున్నాయి. స్కూటర్ల మీద, కార్లలో వచ్చినవాళ్లు క్యాన్లు పట్టుకుని, మా పెద్దవాళ్లు బిందెలతో నిలబడిన చోటే నిలబడి ఉన్నారు. ఆటో అతను వెనక్కి తిరిగి, "దిగుతవా అమ్మా, ఇంకా ముంగటికి పోవాల్నా?" అని అడిగేదాకా నేను అలాగే కూర్చుండిపోయాను.

వరుసలో అందరికంటే ముందు ఉన్నది మా మరదలు సుగుణ, అంటే మా తమ్ముడు దానియేలు భార్య. ప్లాస్టిక్ క్యాన్ల మధ్య ఆమె ఒక్కతే స్టీలు బిందె తెచ్చుకుంది. నన్ను చూసి బిందె కింద పెట్టి ఎదురొచ్చింది. "ఊట అలక తీరింది వదినా," అంది. పెళ్లినాడు కూడా ఆమె ముఖం అంతగా వెలగలేదు. కొత్త లేఅవుట్ కోసం జేసీబీతో గుట్ట అడుగు చదును చేస్తుంటే బండ పక్కకు దొర్లిందట, దాని వెంటే నీళ్లు వచ్చాయట. ఇంద్రేశం, అమీన్‌పూర్ అపార్టుమెంట్ల వాళ్లకు ఎట్లా తెలిసిందో గాని, వారం తిరక్కముందే కార్లు వచ్చి ఆగడం మొదలైందట. ఇదంతా చెబుతూనే సుగుణ నా చేతిలో ఒక గ్లాసు పెట్టింది. తాగాను. చల్లగా, తియ్యగా, కొద్దిగా రాతి వాసనతో, అచ్చం నా చిన్ననాటి నీళ్లే. లెక్కల టీచరుగా బతుకంతా పిల్లల్ని ఏడిపించిన దాన్ని, నడిరోడ్డు మీద గ్లాసు పట్టుకుని నేనే ఏడ్చాను. నేనిక్కడికి వచ్చిన పని వేరు, ముందు అది చెప్పాలి.

నా ఉద్యోగమంతా ఖమ్మం దిక్కున గడిచింది. రిటైరయ్యాక కూడా అక్కడే ఉండిపోయాను. అమ్మ పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆమె లేని ఊరికి రావడానికి మనసు రాక వాయిదా వేస్తూ వచ్చాను. ఈలోగా దానియేలు కోడలు షారోనుకు కాన్పయింది, మగపిల్లాడు. వాణ్ణి చూడాలి. అమీన్‌పూర్‌లో కూతురి దగ్గర ఉంటున్న మా ఎస్తేరు చిన్నమ్మను కూడా చూడాలి. అమ్మకు సొంత చెల్లెలు, మా పెద్దవాళ్లలో మిగిలింది ఆమె ఒక్కతే. అక్కచెల్లెళ్లిద్దరూ మా ఊరికే కోడళ్లుగా వచ్చారు, మా రెండిళ్ల మధ్య గోడ ఒక్కటే అడ్డం. ఆ గోడలో ఒక రాయి ఊడబీకి, సందులోంచి కూర గిన్నెలు, నిప్పులు, తగాదాలు అటూ ఇటూ మార్చుకునేవాళ్లు. మా నాన్న ఆ రాయిని ఎన్నిసార్లు పెట్టినా తెల్లారేసరికి ఊడిపోయేది.

ఆ రోజుల్లో మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. వాడకం నీళ్లు చేదబావివి, తాగే నీళ్లు ఊటవి. వాటి బిందెలు వేరు, చెంబులు వేరు, పెట్టే అరుగు కూడా వేరు. పొరపాటున వాడకం చెంబు తాగే బిందెలో ముంచితే అమ్మ ఆ బిందె మొత్తం బర్రె తొట్లో ఒంపి, మళ్లీ ఊటకు పంపేది. పొద్దున చర్చి గంట కొట్టకముందే లేపి, చింతపండు, బూడిద ఇచ్చి రాగిబిందె తోమించేది. తోమి తోమి నా వేళ్లు పుల్లటి వాసన వేసేవి, బళ్లో నా పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకునేది. ఊటకు పోయే బాట పొడుగునా సీతాఫలం పొదలు. పేడ వాసన, పొయ్యిల పొగ దాటి ఆ పొదల దగ్గరికి రాగానే తడిరాతి వాసన మొదలయ్యేది. ఆ వాసన ముక్కుకు తగలగానే నాకు దాహం వేసేది. ఇప్పటికీ వానపడ్డ బండ పక్కన నిలబడితే నాకు దాహమే వేస్తుంది.

ఊట చూసుకునేది యోహాను తాత, చిన్నమ్మకు మామగారు. చర్చిలో పెద్ద. ప్రార్థనలో ఎంత పొడుగ్గా మాట్లాడేవాడో ఊట దగ్గర అంత తక్కువ మాట్లాడేవాడు. అందరికంటే ముందొచ్చి ఆకులు ఏరి, రాతి గుంట చుట్టూ ఊడ్చి, ఎవరి వరుస వాళ్లకు చూపించి పోయేవాడు. మిగతా పెత్తనమంతా కరీంబీది. గాజుల దుకాణం ఆమెది, అయినా పొద్దున్నే ఊట పక్కన గుండు మీద కూర్చుని, ఎవరి బిందె తోమలేదు, ఎవరి కొంగు నీళ్లలో పడింది, అంతా ఆమే చూసేది. వరుస తప్పి దూరిన ఆడదాన్ని, "నీ ఇంట్ల పెండ్లి ఆగిపోయిందా ఏంది, గంత జల్దీ?" అని నిలబెట్టి అడిగేది. మా అమ్మ నోటికి ఊళ్లో అందరూ భయపడేవాళ్లు, అమ్మ మాత్రం కరీంబీకి భయపడేది.

ఆ ఊటకు రెండు కట్టుబాట్లు ఉండేవి. ఎవరు పెట్టారో తెలియదు, తెలిసి తప్పినవాళ్లను మాత్రం నేను చూడలేదు. ఒకటి, మొదటి బిందె ఎవరూ తమ ఇంటికి తీసుకుపోకూడదు. రాత్రంతా ఊరి, రాతి గుంటలో తేరుకుని నిలిచిన నీళ్లవి. ఊళ్లో బాలింత ఉంటే ఆ ఇంటికి పోవాలి, లేకపోతే జబ్బుపడ్డ మనిషి ఇంటికి. ఆ బాలింతది ఏ ఇల్లు, ఏ దేవుడికి మొక్కుతుంది అని అడిగేది లేదు. రెండోది, ఊట దగ్గర నిలబడి నీళ్లకు పేరు పెట్టకూడదు. అంటే నీళ్లలో వంక చూడకూడదు. బురదగా వస్తే ఊట ఇంకా నిద్ర లేవలేదు అనాలి. ఎండాకాలం సన్నగా వస్తే ఊట అలసిపోయింది అనాలి. అసలే రాకపోతే అలిగింది అనాలి. కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు తెలియక, "నీళ్లు మన్ను వాసనొస్తున్నయి," అన్నప్పుడు వరుస మొత్తం ఆగిపోయింది. కరీంబీ గుండు దిగి వచ్చి, "పానీకు నామ్ నక్కో రఖో బేటీ," నీళ్లకు పేరు పెట్టకు బిడ్డా అని, ఆ పిల్ల చేత ఒక చెంబు నీళ్లు తిరిగి గుంటలో పోయించి, తప్పయిందని అనిపించింది. ఆ పిల్ల ఏడుస్తుంటే మళ్లీ తనే గాజులు తొడిగి పంపింది.

చిన్నమ్మకు మొదటి కాన్పయింది ఆ రోజుల్లోనే. ఆడపిల్ల. బాలింత గది వాము, వెల్లుల్లి, కుంపటి బొగ్గుల వాసనతో నిండి ఉండేది, పిల్లలం లోపలికి పోవడానికి లేదు. గోడ సందులోంచి తొంగి చూస్తే ఒక చిన్న పిడికిలి కనిపించేది. మొదటి బిందె మోసే పని అమ్మ ఇంకెవరికీ ఇవ్వలేదు. వానపడ్డా, తనకే జ్వరమొచ్చినా, తలమీద గోనెసంచి కప్పుకుని పోయి మొదటి బిందె తెచ్చి చెల్లెలి గది ముందు దించేది. ఆ నీళ్లే కాచి చిన్నమ్మకు తాగించేవాళ్లు. పాలు సరిపోక పసిదానికి కూడా ఆ నీళ్లలో ఇంత కలకండ కరిగించి పట్టేవాళ్లు. అమ్మే పట్టేది. కొన్నాళ్లకు ఆ పిల్ల పోయింది. జ్వరమొచ్చిందని మాకు చెప్పారు. ఆ మధ్యాహ్నం గోడలో రాయి తిరిగి పెట్టి ఉండటం నాకు బాగా గుర్తు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఊట అలిగిందన్నారు. యోహాను తాత మనుషుల్ని పిలిచి దాని నోటి మీద బండ పెట్టించాడు. ఎందుకు, ఏమిటి అని ఎవరూ అడగలేదు. అలిగిన మనిషినే కదిలించకూడదంటారు, ఊటను కదిలిస్తారా? పెద్దవాళ్లు పోయి చర్చి వెనక బోరు దగ్గర నిలబడ్డారు. మేం పిల్లలం మాత్రం ఊరుకోలేదు. తలా ఇంత బెల్లం ముక్క తెచ్చి బండ పక్కన పెట్టి, సండే స్కూల్లో నేర్పిన పాట పాడి, కదలవమ్మా అని బతిమాలాం. బెల్లం చీమలు తిన్నాయి. ఊట కదలలేదు. అంతకుముందే కాజీపల్లి దిక్కు నుంచి ఫ్యాక్టరీలు మొలవడం మొదలైంది. బోరు నీళ్లు మెల్లగా రంగు తిరిగాయి, చెరువులో చేపలు తెల్లగా తేలాయి, సాయంత్రాలు గాలిలో మందుల డబ్బా వాసన వచ్చేది. చివరికి ట్యాంకర్లు, ఆ తర్వాత సర్కారు నల్లాలు వచ్చాయి. ఇన్ని నీళ్లు చెడిపోతుంటే మా అందరికీ ఒక్కటే ఓదార్పు. మా ఊట చెడలేదు. పరువు గల మనిషిలా ముందే అలిగి లోపలికి పోయింది. ఈ మాట నేను నా క్లాసు పిల్లలకు కూడా ఎన్నోసార్లు గర్వంగా చెప్పాను.

అమ్మ గర్వం ఇంకో రకం. పెళ్లిళ్లలో, క్రిస్మస్ భోజనాల్లో, చివరికి ఆస్పత్రి మంచం మీద కూడా, నలుగురు చేరితే చాలు, చెల్లెలి కాన్పుకు తాను నీళ్లు మోసిన కథ ఎత్తేది. గోనెసంచి, వాన, జారుడు బాట, ఒక్క చుక్క ఒలకకుండా తేవడం, అన్నీ వరుసగా వచ్చేవి. పిల్ల దక్కలేదు గాని తన వంతు తాను లోటు చేయలేదని ముగించి, "ఏమే ఎస్తేరూ, అవునా కాదా?" అని చెల్లెలి వైపు తిరిగేది. చిన్నమ్మ తల వంచుకుని, "అవునక్కా, నువ్వు తెచ్చిన నీళ్లే," అనేది. ఎన్నిసార్లు విన్నానో. ఆమెకు ఈ కథ విసుగేమో, పాపం ఎంత ఓపిక అనుకునేదాన్ని.

ఇక ఈ రోజుల సంగతికి వస్తాను. సుగుణ వెంట ఇంటికి పోయాను. ఊట తిరిగి వచ్చాక ఊళ్లో పాతవాళ్లు పాత కట్టుబాటు కూడా తిరిగి తెచ్చారట. మొదటి బిందె బాలింతది కాబట్టి షారోనుది. సుగుణ ఎవరికీ ఇవ్వకుండా తానే మోస్తోంది. వంటింట్లో ఆ నీళ్లు కాచి, చల్లార్చి, పాలపొడి కలుపుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. షారోనుకు పాలు చాలడం లేదు. నల్లా నీళ్లు మందు వాసన, కొనే క్యాన్లు ఎక్కడ నింపుతారో తెలియదు, మన ఊట నీళ్లయితే కండ్లు మూసుకుని పట్టొచ్చు అంది సుగుణ. నేను కూడా తలూపాను. పిల్లాడు రెండు రోజుల నుంచి పాలు సరిగా తాగడం లేదనీ, పెదవులు కమిలినట్టున్నాయనీ షారోను అంది. చలికి అట్లే ఉంటుందిలే అన్నది సుగుణ. అవునన్నాను నేను. పిల్లాణ్ణి ముద్దాడి, చిన్నమ్మ కోసమని ఒక సీసా ఊట నీళ్లు నింపుకుని, మధ్యాహ్నానికి అమీన్‌పూర్ బయలుదేరాను.

చిన్నమ్మ ఉండేది పెద్ద అపార్టుమెంటులో, లిఫ్టులో పైకి పోవాలి. కిటికీలోంచి రెండు భవనాల నడుమ చెరువు ఇంత ముక్క కనిపిస్తుంది. ఆమె ఆ ముక్క వైపే కుర్చీ వేయించుకుని కూర్చుంటుంది. కాళ్లు పట్టు తప్పాయి గాని మాట, చూపు ఏమీ తగ్గలేదు. కూతురు ఆఫీసుకు పోయింది, మేమిద్దరమే ఉన్నాం. అమ్మ గురించి కాసేపు ఏడ్చాం. తర్వాత నేను సీసా తీసి ఆమె చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని ఒక గుక్క తాగి చూడమన్నాను. ఆమె మూత తీయలేదు. ఎక్కడివీ నీళ్లు అని అడిగింది. గుండ్ల ఊట మళ్లీ లేచిందనీ, జేసీబీ బండ దొర్లించిందనీ చెప్పాను. ఆమె సీసాను కిటికీ గట్టు మీద దూరంగా పెట్టింది. మన ఇంట్లో బాలింత ఎవరైనా ఉన్నారా అని అడిగింది. షారోను ఉంది కదా చిన్నమ్మా, మొదటి బిందె ఆ ఇంటికే, పిల్లాడి పాలలోకి కూడా అవే నీళ్లు అన్నాను, ఆమె సంతోషిస్తుందని.

చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆ ముసలి చేతిలో అంత బలం ఉంటుందని నేను అనుకోలేదు.

"ఆ ఊట అలగలే బిడ్డా. చెడ్డది," అంది.

అర్థం కాక ఆమె ముఖంలోకి చూశాను. ఆమె ఆగకుండా చెప్పింది. పసిపిల్ల పోయేముందు పెదవులు, గోళ్లు నీలంగా మారాయట. పిల్లను పాతిపెట్టి వచ్చిన మరునాడు యోహాను తాత ఎప్పటిలాగే ఊట ఊడ్వడానికి పోతే, రాతి గుంటలో కప్పలు చచ్చి పడి ఉన్నాయట. గుట్ట వెనక్కి తిరిగి చూస్తే, పాత రాళ్ల క్వారీ గుంత నిండా ఏదో నురగ నీళ్లు, పక్కన ట్యాంకర్ల చక్రాల జాడలు. ఎవరో చీకట్లో తెచ్చి ఒంపి పోతున్నారు. ఎన్నాళ్ల నుంచో తెలియదు. ఆయన వచ్చి కోడలి మంచం పక్కన కూర్చుని సంగతంతా చెప్పి, గంట కొట్టి ఊరంతటినీ పిలుస్తానని లేచాడట. చిన్నమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది.

"మా అక్క మోసిన నీళ్లు మామా, మా అక్క చేతుల మీద పట్టిన నీళ్లు. చెప్తే మా అక్క బతకది అన్న. ఆయన శానసేపు ఏడ్సిండు. ఇగ బండ పెట్టిపిస్త, అలిగిందని చెప్త అన్నడు."

ఊట మూతపడితే చాలు, ఇంకెవరికీ ఆపద లేదు కదా అని ఇద్దరూ అనుకున్నారు. నీళ్లకు పేరు పెట్టకూడని ఊరు కాబట్టి ఎవరూ గుచ్చి అడగలేదు. యోహాను తాత ఆ మాటను తనతోనే తీసుకుపోయాడు. నీళ్లతోనే పిల్ల పోయిందా అని అడిగాను. "నీళ్లతోనే అని నేను ఒట్టు పెట్ట. కాదనీ చెప్ప. గప్పుడు ఎవరు పరీక్ష చేసిండ్రు?" అంది చిన్నమ్మ. ఆ మాట వినగానే క్రిస్మస్ భోజనాలు, పెళ్లి పందిళ్లు, ఆస్పత్రి మంచం, అన్నిచోట్లా తల వంచుకుని "అవునక్కా" అన్న ఆమె ముఖం నా ముందుకొచ్చింది. ఆ నీళ్లు నేనూ తాగానన్న సంగతి అప్పుడు గుర్తే రాలేదు. తన బిడ్డను తీసుకుపోయాయేమోననుకున్న నీళ్ల గురించి అక్క గొప్పగా చెప్పుకుంటుంటే, జీవితమంతా పక్కన కూర్చుని అవునంటూ వచ్చిన మనిషి ఈమె. ఇట్లా కూడా ఒక మనిషి ఉండగలదా?

ఆమె నన్ను ఎక్కువసేపు ఆలోచించనీయలేదు. ఇంకా కూర్చున్నవేంది, లేచి పో అని కసిరింది. లిఫ్టులో దిగుతూనే షారోనుకు ఫోన్ చేసి, ఆ నీళ్లతో ఇంకేమీ కలపొద్దు, పిల్లాణ్ణి తీసుకుని పటాన్‌చెరు పిల్లల ఆస్పత్రికి వచ్చెయ్, నేనూ అక్కడికే వస్తున్నా అని చెప్పాను. సుగుణకు ఏమని చెప్పాలో తెలియక, పసికామెర్లేమోనని అనుమానంగా ఉందని చెప్పమన్నాను. దారిలో కంపెనీ బస్సులు, లారీలు అడ్డం. షిఫ్టు వదిలిన కుర్రాళ్లు బిహారీ, ఒడియా, తెలుగు కలిపి నవ్వుకుంటూ రోడ్డు దాటుతున్నారు. నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు.

డాక్టరు పిల్లాడి పెదవులు, గోళ్లు చూసి, ఆక్సిజన్ పెట్టించి, రక్తం తీయించి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, పాలపొడి ఏ నీళ్లతో కలుపుతున్నారని. కొన్ని నీళ్లు కాచినా శుద్ధి కావు, కాచినకొద్దీ లోపలున్నది ఇంకా చిక్కబడుతుంది అన్నాడు. మంచి సమయానికి తెచ్చారు, మందు ఇస్తున్నాం, బతుకుతాడు అన్నాడు. ఆ చివరి మాట అనేదాకా నేను, షారోను ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం. సుగుణ అప్పుడు బయట వరండాలో ఉంది. పిల్లాడి బట్టల సంచి ఒళ్లో పెట్టుకుని ప్రార్థన చేసుకుంటోంది. అద్దం తలుపులోంచి ఆమె పెదవులు కదలడం కనిపిస్తోంది. షారోను అటు చూసి, గొంతు తగ్గించి నాతో అంది.

"మా అత్తమ్మకు మాత్రం చెప్పకుండ్రి. ఆమె బతకది."

ఆ రోజు నేను విన్న మాటలన్నింటిలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. చిన్నమ్మ కథ ఈ పిల్లకు ఇంకా తెలియనే తెలియదు. ఎవరూ నేర్పకుండానే అదే మాట వచ్చింది. మా ఇళ్లలో ఆడవాళ్లు ఒకరినొకరు కాపాడుకునే పద్ధతే ఇది అనుకుంటాను. ముద్ద పెట్టినట్టే మాట దాచిపెడతారు. అప్పట్లో నేను ఊట దగ్గర చూసిన మర్యాదలన్నీ, మొదటి బిందె, పేరు పెట్టని నోరు, ఎంత మంచి రోజులు అని రాసుకుంటూ వచ్చాను. మంచి రోజులే, కాదనను. ఇప్పుడు క్యాన్ల వరుసలో ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, ఎవరింట్లో బాలింత ఉందో ఎవరికీ తెలియదు. కానీ ఆ మర్యాదే కదా రాత్రంతా ఊరిన విషాన్ని ఏరి కోరి బాలింత ఇంటికి మోసింది? ఆ మర్యాదే కదా దాని పేరు బయటికి రానీయలేదు? చిన్నమ్మ దాచిన మాటకు ఇన్నేళ్లు కాపలా ఉన్నది ఒక బండ. దాన్ని జేసీబీ ఒక్క తోపుతో దొర్లించింది. దాని కింద ఏముందో చెప్పగలిగినవాళ్లలో మిగిలింది కుర్చీలో కూర్చున్న ఒక ముసలామె. నేను ఆ సీసా తీసుకుపోకపోతే?

షారోను చెయ్యి వదిలించుకుని బయటికి వచ్చి సుగుణ పక్కన కూర్చున్నాను. పిల్లాడు బతుకుతాడని ముందు చెప్పాను. తర్వాత అంతా చెప్పాను. క్వారీ గుంత, కప్పలు, చిన్నమ్మ పిల్ల, అమ్మ గోనెసంచి, పాలపొడి. ఏదీ మెత్తగా చేయలేదు, నాకు చేతకాదు కూడా. సుగుణ సంచి పట్టీలు చేతులకు చుట్టుకుంటూ విన్నది. మా అత్తమ్మకు తెల్వకనే పోయిందా అని మా అమ్మ గురించి అడిగింది. అవునన్నాను. చేతులకు చుట్టిన పట్టీలు విప్పి సంచి పక్కన పెట్టింది.

"నాకు గూడ చెప్పకుంటె అయిపోవు గదా వదినా," అంది.

నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. ఆ రాత్రి లోపలికి వచ్చి పిల్లాణ్ణి ఎత్తుకోమన్నా ఎత్తుకోలేదు. తెల్లవారి నేను కళ్లు తెరిచేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. సంచి మాత్రం ఉంది. చిన్నమ్మ అన్న మాట, షారోను అన్న మాట ఒక్కసారిగా నా చెవుల్లో మోగాయి. ఆమె బతకది, ఆమె బతకది. చెప్పి ఎంత పని చేశాను అనుకుంటూ, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా పరుగెత్తి ఆటో ఎక్కాను. దానియేలుకు ఫోన్ చేస్తే ఇంటికి రాలేదన్నాడు. చెరువు అనాలా, రైలు పట్టాలు అనాలా, ఎటు పొమ్మనాలో తెలియక మా ఊరికే పొమ్మన్నాను.

ఆమె ఊట దగ్గర ఉంది. గుండ్ల సందుకు వీపు ఆనించి, పైపుకు అడ్డంగా నేల మీద కూర్చుని ఉంది. చీర అంచు నీళ్లలో తడుస్తోంది. ఎదురుగా వరుస చాలా పొడుగ్గా ఉంది. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న ఒక అబ్బాయి, ఆంటీ జర జరగండి, లేటవుతుంది అంటున్నాడు. ఎవరో నెల నుంచి తాగుతున్నాం మాకేం కాలేదే అంటున్నారు. మా ఊరి ముసలామె ఒకతె ముందుకొచ్చి, ఊట మొహాన కూర్చొని ఏంది సుగుణా గిదంతా, లేవమని మందలిస్తోంది. సుగుణ నన్ను చూసింది. చూసి, వాళ్ల వైపు తిరిగింది.

"ఈ నీళ్లు చెడ్డయి. నా మనుమడు దవాఖానల ఉన్నడు. నేనే మోసిన, నేనే కాసిన, నా చేతులతోని నేనే తాగిపిచ్చిన."

ముసలామె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆఫీసు కార్డు అబ్బాయి క్యాన్ కింద పెట్టాడు. వెనకున్నవాళ్లకు వినపడలేదని ఎవరో అన్నారు. సుగుణ లేచి నిలబడి, మళ్లీ మొదటి నుంచి చెప్పింది.